ఉత్తరపు ఎల్ల మీద ఒక వ్యాకరణం: గిడుగు సవర కృషి గురించి

మన సాహిత్య చరిత్రలలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి ప్రసక్తి వచ్చినప్పుడు ఒక క్రమం స్థిరపడిపోయింది. మొదట వ్యావహారిక భాషోద్యమం, తరువాత పండితులతో వాదోపవాదాలు, ఆ పైన ‘తెలుగు’ పత్రిక. చివరికి వచ్చేసరికి, ఆయన సవర భాషకు కూడా సేవ చేశారని ఒక వాక్యం. పాఠ్యపుస్తకాలలోనూ జయంతి సభలలోనూ ఈ క్రమమే చూస్తాం. ఈ వ్యాసం ఆ ‘కూడా’ అన్న మాట గురించి. ప్రధానమైనదాన్ని ముందు చెప్పి, దానికి అదనంగా మరొకటి చేర్చినప్పుడు వాడే మాట అది. గిడుగువారి విషయంలో ఏది ప్రధానం, ఏది అదనం అన్న ప్రశ్న తేలాలంటే ఆయన బతికిన సీమ చరిత్రను కొంత తడమక తప్పదు. ఆ సీమను ఎవరెవరు ఏలారో, ఏలినవారు మారినప్పుడల్లా అక్కడి భాషల గతి ఏమయిందో చూడాలి.

గిడుగువారు 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున, ముఖలింగానికి దగ్గరలో ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. ఉద్యోగజీవితమంతా పర్లాకిమిడిలో గడిపారు. అప్పట్లో అది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. ఇప్పుడు పర్లాకిమిడి ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. ఆ జిల్లా 1992లో ఏర్పడింది. ముఖలింగం ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం జిల్లాలో ఉంది. వంశధార ఒడిశా కొండలలో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నదికి ఎల్ల తెలియదు. నది రెండు పక్కల ఉన్నవారికి మాత్రం తెలియక తప్పలేదు.

ఈ సీమ గురించి మనకు దొరికే అతి ప్రాచీన లిఖిత సాక్ష్యాలలో ఒకటి ఋషికుల్యా నది దగ్గరి జౌగడ కొండ మీద ఉన్న అశోకుని శాసనాలు. కళింగ యుద్ధం మీద పశ్చాత్తాపం తెలిపే పదమూడవ శాసనాన్ని ఇక్కడ చెక్కించలేదు. దానికి బదులు అధికారులను ఉద్దేశించిన రెండు ప్రత్యేక శాసనాలున్నాయి. వాటిలో ఒకటి ఇంకా జయించని ఎల్లల జనాన్ని గురించినది. రాజు తమను ఏం చేయదలచుకున్నాడోనని వారికి శంక కలగవచ్చుననీ, ఆ శంకను పోగొట్టాలనీ దాని సారాంశం. శాసనం ఉన్నది ప్రాకృతంలో. శంక కలిగినవారు ఏ భాషలో శంకించారో చెప్పే ఆధారం లేదు. ఈ సీమ చరిత్రంతా ఈ రెండింటి మధ్యనే నడిచింది: ఏలేవాడి భాషలో రాత, ఏలుబడిలో ఉన్నవాడి భాషలో శంక.

తరువాతి రాజ్యాల క్రమం పెద్దది. ఇక్కడ అవసరమైనంతే చెబుతాను. తూర్పు గాంగులు ముఖలింగం కేంద్రంగా కళింగాన్ని ఏలారు. వారిలో అనంతవర్మ చోడగంగు తల్లి చోళ రాజకుమారి. ఆ కలయిక అతని పేరులోనే ఉంది. పదకొండో శతాబ్ది చివర రాజ్యానికి వచ్చిన ఈ రాజు ఉత్కళాన్ని జయించి, పూరీలో జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్నాడు. అంటే ఆ రోజుల్లో అధికారం వంశధార నుంచి మహానది వైపు నడిచింది. పదిహేనో శతాబ్దిలో అది తిరగబడింది. కటకం గజపతులు రాజమహేంద్రవరం దాటి కొండవీడు, ఉదయగిరి దాకా ఏలారు. పదహారో శతాబ్ది మొదట్లో కృష్ణదేవరాయలు ఎదురు దండెత్తి సింహాచలం దాకా వచ్చాడు. ఆ శతాబ్ది ఉత్తరార్ధంలో గోలకొండ సుల్తానులు శ్రీకాకుళాన్ని పట్టుకున్నారు. తరువాత మొగలులు, నిజాము. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచి బుస్సీ చేతికి పోయాయి. 1765లో మొగలు ఫర్మానా, 1766లో నిజాముతో ఒడంబడిక, వీటితో ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాయి.

ఈ క్రమాన్ని మనం సాధారణంగా రాజుల జాబితాగా చదువుతాం. భాషను చదివేవాడికి ఇందులో రెండు సంగతులు కనిపిస్తాయి. మొదటిది: ఈ సీమ ఎప్పుడూ ఒకే దిక్కుకు అంచు కాదు. ఒకప్పుడు కేంద్రం, ఒకప్పుడు ఉత్తరపు కొస, ఒకప్పుడు దక్షిణపు కొస. కటకం నుంచి చూస్తే ఇది దక్షిణం. గోలకొండ నుంచి, మద్రాసు నుంచి చూస్తే ఉత్తరం. ‘ఉత్తరాంధ్ర’ అన్న మాటలో కూడా చూసేవాడు నిలబడిన చోటే ఉంది. రెండవది: చేతులు మారినదంతా ప్రధానంగా మైదానం. మహేంద్రగిరి చుట్టుపట్ల కొండల్లోని సవరలు, కోదులు, గదబలు పేరుకే ఎవరో ఒకరి ఏలుబడిలో ఉన్నారు. పర్లాకిమిడి సంస్థానంలో 1830లలో చెలరేగిన అలజడుల తరువాత, 1839 చట్టంతో కంపెనీ ప్రభుత్వం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి గవర్నరు ఏజెంటు కింద పెట్టింది. మనం ఈనాటికీ మన్యాన్ని ‘ఏజెన్సీ’ అంటున్నాం. ఏజెంటు పోయాడు, కంపెనీ పోయింది, రాణీ పోయింది, మాట మిగిలింది. ఒక పాలనా పద్ధతి పేరు ఒక భూభాగానికి పేరైపోవడం అరుదు. అక్కడి మనుషులను మనం చూసిన తీరు ఆ మాటలో నిలిచిపోయింది.

గిడుగువారు ఈ సీమను రెండు దారుల్లో చదివారు. మొదటి దారి శాసనాలు. పాత లిపులను స్వయంగా నేర్చుకుని ఆయన ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాలుగో సంపుటంలో నడగాం తామ్రశాసనాన్నీ, దీర్ఘాసి శాసనాన్నీ పరిష్కరించి ప్రచురించారు. నడగాం శాసనం గాంగ వజ్రహస్తునిది, శకవర్షం 979. దీర్ఘాసి శాసనం వనపతి అనే సేనానిది, శకవర్షం 997, అంటే క్రీస్తుశకం 1075. ఇందులో సంస్కృతమూ ఉంది, తెలుగూ ఉంది. నన్నయ కాలానికి కొద్ది సంవత్సరాల తరువాత, వేంగికి ఎంతో ఉత్తరాన, వేరే రాజవంశపు ఏలుబడిలో తెలుగు రాతిమీదికి ఎక్కింది. రాజమహేంద్రవరాన్నే ఆదిగా పెట్టుకునే మన చరిత్ర రచనకు ఇది చిన్న సవరణ కాదు. గ్రాంథికవాదులతో వాదించేటప్పుడు గిడుగువారు శాసనాలను మాటిమాటికీ సాక్ష్యానికి పిలవడం వెనుక ఈ అనుభవం ఉంది. వ్యాకరణం ఏమన్నా సరే, వాడుక రాతిమీద ఇలా ఉంది కదా అన్నది ఆయన పద్ధతి.

రెండో దారి సవర. 1890ల తొలి సంవత్సరాల్లో ఆయన తెలుగు తెలిసిన ఒక సవర వ్యక్తిని ఇంట పెట్టుకుని ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. కొండలకు వెళ్ళారు, మాటలూ పాటలూ కథలూ రాసుకున్నారు, వాచకాలు తయారుచేశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ఆ తిరుగుళ్ళలో జ్వరాలకు వాడిన మందు వల్లనే వినికిడి పోయిందని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. వినడమే పద్ధతిగా పెట్టుకున్న మనిషికి అదొక క్రూరమైన మూల్యం. 1909లో థర్‌స్టన్ వెలువరించిన దక్షిణ భారత కులాల, తెగల గ్రంథంలో సవరల భాగానికి గిడుగువారు సమకూర్చిన వివరాలే ఆధారం. 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథాన్ని ఇంగ్లీషులో అచ్చువేసింది. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది.

ఆ వ్యాకరణాన్ని ఈనాడు చదివేవారికి మొదట కనిపించేది శీర్షికలోని ‘సోరా’ అన్న మాటే. అచ్చుల దీర్ఘతను తెలపడానికి రోమను అక్షరాల పక్కన చుక్కలు పెట్టారు. అలవాటైన వర్ణక్రమం కన్నా చెవికి వినిపించినది ముఖ్యమన్న నియమం పుస్తకం పేరు దగ్గరే మొదలయింది. లోపల అంతకన్నా విలువైన పరిశీలన ఉంది. సవర ముండా కుటుంబపు భాష. ద్రావిడం కాదు, ఆర్యమూ కాదు. నామాన్ని క్రియలోనే ఇముడ్చుకునే గుణం దీనికి ఉంది. తలకు నూనె రాసుకుంటాను అన్న భావాన్ని సవరలో ఒకే క్రియాపదంతో చెప్పవచ్చు. రాయడం, నూనె, తల, తనకు తాను, కాలం, పురుష, అన్నీ ఆ ఒక్క పదంలోనే వరుసగా ఉంటాయి. గిడుగువారి పుస్తకంలో ఉన్న ఇలాంటి ఉదాహరణలను ప్రపంచంలోని భాషాశాస్త్రజ్ఞులు ఈనాటికీ వాడుకుంటున్నారు. తెలుగు విద్యార్థికి దీన్ని చెప్పడం కష్టం కాదు. ‘తలంటుకుంటాను’ అనేది మనకూ ఉంది. తల, అంటు, కొను, కాలం, పురుష. ఒక భాష నుంచి మరొకటి తెచ్చుకుందని నేననడం లేదు. సవరను అడవి కూతగా కొట్టిపారేయగలవాడు తన ఇంట్లో వినే మాట నిర్మాణాన్ని ఎన్నడూ గమనించనివాడై ఉండాలని మాత్రం అంటున్నాను.

ఇప్పుడు తేదీలు చూద్దాం. వ్యావహారిక భాషావాదం ఉద్యమరూపం పొందింది 1907 ప్రాంతంలో, పాఠశాలల పరీక్షాధికారి యేట్సు, పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావుగార్లతో కలిసి. గిడుగువారి ఇంగ్లీషు విజ్ఞాపన పత్రం వెలువడింది 1913లో. సవర అభ్యాసం వీటికి దాదాపు పదిహేనేళ్ళు ముందుది. ముందు జరిగినదల్లా తరువాతి దానికి కారణం కాదని తర్కం తెలిసినవారు అభ్యంతరం చెప్పవచ్చు. అభ్యంతరం సరైనదే. ఐరోపా భాషాశాస్త్ర గ్రంథాలూ ఆయన మీద పనిచేశాయి. కాని రెండు కృషుల వెనుక ఉన్న సూత్రం ఒక్కటే: భాషకు ప్రమాణం దాన్ని మాట్లాడే మనిషి. సవరకు కావ్యాలు లేవు, లక్షణ గ్రంథాలు లేవు, పండితుడూ లేడు. ఒక రూపం సాధువా కాదా అని అడగాలంటే ఎదురుగా కూర్చున్న సవర మనిషినే అడగాలి. పదిహేనేళ్ళు అలా అడగడం అలవాటయినవాడు తెలుగు దగ్గరికి వచ్చి, తెలుగువాడిని పక్కనబెట్టి చిన్నయసూరిని అడగండి అంటే ఒప్పుకుంటాడా? కొండ మీది బడిలో సవర పిల్లవాడికి సవరలో చదువు చెప్పినవాడు, మైదానంలో తెలుగు పిల్లవాడికి తెలియని తెలుగులో చదువు చెప్పడాన్ని ఎలా సహిస్తాడు?

ఇది ఎల్ల మీద పుట్టిన ఆలోచన. గురజాడ, గిడుగు ఇద్దరూ విజయనగరంలో కలిసి చదువుకున్నవారు. ఇద్దరూ శాసనాలతో పనిచేసినవారు. ఏ ఒక్క భాషకూ పూర్తి అధికారం లేని సీమలో పెరిగినవాడికి, భాషాధికారమంటే దైవదత్తం కాదని తొందరగా తెలుస్తుంది. నిన్న ఒకరు, నేడొకరు ఏలిన చోట వ్యాకరణ శాసనం కూడా అలాంటి ఒక ఏలుబడిగానే కనిపిస్తుంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయింది. ఎల్ల ఎక్కడ గీయాలన్న దాని మీద అంతకు ముందు నాలుగైదేళ్ళలో ఒకే మాట నిలవలేదు. ఓడోనెల్ సంఘం పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చలేదు. 1934లో బ్రిటిషు పార్లమెంటు సంయుక్త సంఘం పట్టణంతో సహా సంస్థానంలో ఒక భాగాన్ని చేర్చమన్నది. సంస్థానం రెండుగా చీలింది. ఒరిస్సా కోసం కృషి చేసిన పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి 1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధానమంత్రి అయ్యారు. అర్ధశతాబ్దికి పైగా ఆ పట్టణంలో ఉన్న గిడుగువారు నిరసనగా దాన్ని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.

ఈ ఘట్టాన్ని మనవాళ్ళు చెప్పేటప్పుడు ‘పోగొట్టుకున్నాం’ అన్న మాట వస్తుంది. తెలుగువారి బాధ నిజమైనది. కాని విమర్శకుడు ఆ మాటను అలాగే పుచ్చుకోకూడదు. పర్లాకిమిడి ఒడియా సాహిత్యానికి పొరుగూరు కాదు. పందొమ్మిదో శతాబ్దిలో ఒడియా గేయకవిత్వంలో పెద్ద పేరైన గోపాలకృష్ణ పట్టనాయక్ ఆ ఊరివాడు. ఒడియా భాషాతత్త్వం మీద గ్రంథం రాసిన గోపీనాథ నందశర్మదీ ఆ ఊరే. రెండు భాషల వైయాకరణులు ఒకే పట్టణంలో తిరిగిన రోజులవి. ఊరు మనదా వారిదా అన్న ప్రశ్న వేసినంతసేపూ ఈ సంగతిని రెండు సాహిత్య చరిత్రలూ చెరి సగం దాచుకుంటాయి.

అంతకన్నా ఇబ్బందికరమైన ప్రశ్న మరొకటుంది, అది గిడుగువారి మీదే. ఈ వాదంలో సవరల మాట ఎక్కడ? ఆయన తన సవర వాచకాలను తెలుగు లిపిలో వేశారు. ఆనాటికి అది సహజమే. బడిపంతుళ్ళకు తెలిసిన లిపి అది. కాని లిపి కూడా ఒక రకం ఏలుబడి. ఏ లిపిలో చదివితే ఆ వైపు పై చదువు, ఆ వైపు ఉద్యోగం. సరిహద్దు గీసిన ఆ 1936లోనే, జూన్ 18న, మంగెయి గొమాంగో అనే సవర మనిషి తన భాషకు ‘సోరా సొంపెంగ్’ అనే ప్రత్యేక లిపిని ప్రకటించాడు. అక్షరాలనే దైవంగా కొలిచే ఒక సంప్రదాయం దాని చుట్టూ పెరిగింది. ఏప్రిల్‌కూ జూన్‌కూ కార్యకారణ సంబంధం ఉందని నేను వాదించను. అయినా ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చదవని చరిత్ర అసంపూర్ణమే. తెలుగువారూ ఒడియావారూ ఎల్ల గురించి తగువుపడుతున్న ఏడాదిలోనే, ఆ ఎల్ల ఎవరి కొండల మీదుగా పోయిందో వారిలో ఒకరు మాకూ ఒక రాత ఉందన్నారు.

దాని ఫలితం ఈనాడు కంటికి కనిపిస్తుంది. ఒకే సవర భాష ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు లిపిలో, ఒడిశాలో ఒడియా లిపిలో, క్రైస్తవ గ్రంథాలలో రోమను లిపిలో, వీటితో పాటు సొంపెంగ్‌లో ఉంది. 2012లో సొంపెంగ్‌కు యూనికోడ్‌లో స్థానం దొరికింది. రెండు రాష్ట్రాలూ ఈ శతాబ్దపు తొలి దశకంలో గిరిజన పిల్లలకు మాతృభాషలో తొలి చదువు చెప్పే కార్యక్రమాలు మొదలుపెట్టి అందులో సవరను చేర్చాయి. గిడుగువారు సొంత ఖర్చుతో చేసిన పని ప్రభుత్వాలకు తోచడానికి వందేళ్ళు పట్టింది. కాని ఎల్లకు ఈవలి సవర పిల్లవాడు ఆవలి పిల్లవాడి వాచకం చదవలేడు. గీత నేల మీద గీసింది, అచ్చులో పడింది.

రాజకీయ ఎల్ల కూడా తేలిపోలేదు. ఒడిశాలోని కొరాపుట్ జిల్లాకూ, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాకూ మధ్య కొటియా ప్రాంతపు ఇరవైకి పైగా గ్రామాలను రెండు రాష్ట్రాలూ తమవే అంటున్నాయి. వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకు ఎక్కింది. 2021లో పంచాయతీ ఎన్నికల సందర్భంలో మళ్ళీ కోర్టుకు వెళ్ళింది. అక్కడివారు ఎక్కువమంది కోదులు. రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న ఇళ్ళు అక్కడ ఉన్నాయి. రాజు తమను ఏం చేయదలచుకున్నాడన్న జౌగడ శంక, రెండువేల రెండువందల ఏళ్ళ తరువాత, ఇద్దరు రాజుల గురించి అయింది.

చెన్నైలో కూర్చుని తెలుగు పాఠం చెప్పే నాబోటివాడికి ఈ సంగతి దూరపు ముచ్చట కాదు. గంజాం జిల్లా పాత దస్త్రాలు ఈ ఊళ్ళోనే ఎగ్మూరు అభిలేఖాగారంలో ఉన్నాయి. సవర వ్యాకరణం అచ్చయింది ఈ ఊళ్ళోనే. అంతకన్నా దగ్గరి సంగతి మరొకటి. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం ప్రథమ భాషగా తప్పనిసరి అయింది. ఇక్కడి తెలుగు కుటుంబాలు తమ పిల్లల తెలుగు చదువు కోసం అర్జీలు పెట్టుకున్నాయి. ఆ అర్జీలలోని న్యాయం నాకు తెలుసు. నా విద్యార్థులు ఆ ఇళ్ళ నుంచే వస్తారు. బడిలో తన భాష లేని పిల్లవాడి నష్టం గురించి మనం చెప్పే ప్రతి మాటా సీతంపేట కొండల్లోని సవర పిల్లవాడు మనకు తిరిగి అప్పగించగలడు. చెన్నైలో అడిగే న్యాయాన్ని సీతంపేటలో ఇవ్వనివాడు అడిగేది న్యాయం కాదు, తన వంతు ఏలుబడి. గిడుగువారు ఈ రెండు చోట్లా ఒకే మాట అన్నవారు. ఆయన ఘనత అక్కడుంది. లిపి విషయంలో ఆయన ఆగిపోయిన చోటు కూడా మనకు పాఠమే.

కాబట్టి మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చేయదగిన పని ఒకటుంది. ఎం.ఏ. పాఠ్యప్రణాళికలో ఆధునిక వచనం మీద చెప్పే పాఠాన్ని 1907లో కాక, 1890లలో పర్లాకిమిడిలో, ఒక సవర మనిషి ఎదుట గిడుగువారు కలం పట్టుకుని కూర్చున్న చోట మొదలుపెట్టవచ్చు. సవర వ్యాకరణాన్ని భాషాశాస్త్రం వారికి వదిలేయకుండా, తెలుగు విమర్శలో ఒక మూలగ్రంథంగా చదివించవచ్చు. దానితో మొదటి వాక్యం తనంతట తానే మారుతుంది. గిడుగు రామమూర్తి పంతులు సవర భాషను విని, దాన్ని మాట్లాడేవారే దానికి ప్రమాణమని తెలుసుకున్నవాడు. ఆ తెలిసినదాన్ని పట్టుకుని తెలుగుకు కూడా సేవ చేశాడు.